వెలుతురుకి పట్టిన కాగితం

మా అన్న మలాకీ కిల్‌కోయిన్ పోయినప్పుడు డ్రమ్‌కీల్ ఊరు ఊరంతా వచ్చి నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట అంది: ఎంత మంచివాడమ్మా, ఒక్కరి మీద నోరు చేసుకుని ఎరగడు. నిజమే, ఎరగడు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు చేసుకోకపోతే పోనీ, నోరు తెరవాల్సిన చోటైనా తెరవాలి కదా. దేవుడు మనిషికి నోరిచ్చింది టీ తాగడానికేనా?

అన్న నాకన్నా ఐదేళ్ళు పెద్ద. ముప్పై ఎనిమిదేళ్ళు సైకిలు మీద ఉత్తరాలు పంచాడు. పెళ్ళి చేసుకోలేదు. వయసులో ఉన్నప్పుడు ఊనా కిలిలియా అనే అమ్మాయి మీద మనసు పడ్డాడు. ఉత్తరం ఉన్నా లేకపోయినా మూడేళ్ళపాటు వాళ్ళ గుమ్మం ముందు బెల్లు కొట్టుకుంటూ తిరిగాడు గానీ, అసలు సంగతి మాత్రం చెప్పలేదు. ఆ పిల్ల చూసి చూసి ఒక పోలీసాయన్ని చేసుకుని వెళ్ళిపోయింది.

"అడగందే అమ్మయినా పెట్టదన్నయ్యా," అని నేను మొత్తుకున్నాను.

"తనకి తెలుసులేవే," అన్నాడు.

"తెలిస్తే? తెలిసి ఏం చెయ్యాలి, తనే వచ్చి నీ మెళ్ళో పడాలా?"

"టీ చల్లారిపోతోంది, తాగు," అన్నాడు. మా అన్నని ఏ విషయంలో ఇరుకున పెట్టినా వచ్చే జవాబు అదొక్కటే. అమ్మ పోయాక ఆ ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. కాబట్టి ఆ జవాబు నేను కొన్ని వేలసార్లు విని ఉంటాను.

ఆయనకి మాటలొచ్చే చోటు ఒకటుంది. వాన నీళ్ళు నిలిచి, రెల్లుగడ్డి మొలిచి, ఆట లేనప్పుడు గొర్రెలు మేసే మా ఊరి మైదానం. మా ఐర్లండ్ ఫుట్‌బాల్ చేత్తోనూ ఆడతారు, కాలితోనూ ఆడతారు. బంతి అడ్డకర్ర కిందనుంచి వలలో పడితే గోలు, దానికి మూడు పాయింట్లు. కర్ర మీదనుంచి పోతే ఒకటి. ఇరవై రెండేళ్ళపాటు ఊళ్ళో పిల్లలకి ఆయనే ఆట నేర్పాడు. క్లబ్బుకి కార్యదర్శీ ఆయనే, గొర్రెల్ని తోలేదీ ఆయనే, గీతలకి సున్నం కొట్టేదీ ఆయనే. ఎర్ర చొక్కాలు ఉతికి కంచె మీద ఆరేసేది మాత్రం నేను.

ఉత్తరాలు పంచుతూ కూడా పాఠాలే. గెరటీ వాళ్ళింటి ముందు సైకిలు ఆపి, "మీ ఫింటన్ ఎడంకాలు వాడటం లేదండీ. వాడి కుడికాలి బూటు దాచెయ్యండి," అని చెప్పి, కరెంటు బిల్లు చేతిలో పెట్టి పోయేవాడు. ఆ తల్లి నిజంగానే బూటు తీసుకెళ్ళి పిండి డబ్బాలో దాచేసింది. ఆ వసంతమంతా ఫింటన్ కుడికాలికి మేజోడు చుట్టుకుని, ఎడంకాలితో బంతిని పొయ్యికోసం ఎండబెట్టిన పీటు గడ్డల కుప్ప మీదుగా తన్నుతూ కనిపించేవాడు.

"ఏరా కుంటి కొంగా, బూటేదిరా?" అని తోటి పిల్లలు ఏడిపించేవాళ్ళు.

"మా అమ్మ రొట్టెలో పెట్టి కాల్చేసిందిరా, రా తిందువుగాని," అనేవాడు.

1964 సంగతి ఇది. ఆ యేడు ఊళ్ళో పదహారేళ్ళలోపు జట్టుకి ఈడైన మగపిల్లల్ని లెక్కపెడితే పద్నాలుగుమంది తేలారు. జట్టుకి పదిహేనుమంది కావాలి. పదమూడేళ్ళ దువాల్టాని తెచ్చి గోలు ముందు నిలబెట్టారు. వాడికి చొక్కా మోకాళ్ళ దాకా వచ్చేది. ఎవడికైనా కాలు బెణికితే బదులు దిగడానికి గొర్రెలు తప్ప ఎవరూ లేరు. పై యేడు ఆరుగురికి వయసు దాటిపోతుంది. ఇక డ్రమ్‌కీల్‌కి జట్టు ఉండదనీ, మిగిలిన పిల్లల్ని పక్క ఊరు ఆర్డ్‌కారోలో కలిపేస్తామనీ జిల్లా బోర్డు ముందే చెప్పేసింది. పేరూ వాళ్ళదే, చొక్కాలూ వాళ్ళవే. అరవై యేళ్ళ మా క్లబ్బు పేరు ఒక్క కప్పు మీద కూడా ఎక్కలేదు. ఎక్కితే ఆ వేసవిలోనే ఎక్కాలి, లేకపోతే ఇక లేదు. ఇది పిల్లలకి తెలుసు, తల్లులకి తెలుసు, చివరికి ఆదివారం పూజలో ఫాదర్ కూడా ఆ పిల్లల కోసం ప్రార్థించమన్నాడు.

మే నెలలో జిల్లా కప్పు మొదటి ఆట గెలిచారు. జూన్‌లో రెండోది, అదీ వానలో, బురదలో, ఒక్క పాయింటు తేడాతో. సెమీఫైనల్లో ఎదురుపడింది ఎవరనుకున్నారు? ఆర్డ్‌కారోయే. వాళ్ళకి ముప్పైమంది పిల్లలు, మూడు జతల చొక్కాలు, వాటికి ఇస్త్రీ. వాళ్ళ కార్యదర్శి లాక్‌నన్ మాస్టారు ఆ ఊరి బడిపంతులు. కోటు జేబులో ఎప్పుడూ మూడు కలాలు పెట్టుకుని తిరిగేవాడు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. దాచుకోను.

ఆట ముందు ప్రతి క్లబ్బూ ఆటగాళ్ళ పేర్లు రాసి, ఒక జాబితా రిఫరీకి, ఒకటి అవతలి జట్టుకి ఇవ్వాలి. ఆ జాబితా మన దేశంలో తయారైన కాగితం మీదే ఉండాలని నియమం. కాగితాన్ని వెలుతురుకి పడితే లోపల నీటి గుర్తు కనిపిస్తుంది కదా, అది ఐర్లండ్ మిల్లుదై ఉండాలి. ఇంగ్లండువాళ్ళ మీద కోపంతో తాతల కాలంలో పెట్టుకున్న నియమం. వాళ్ళ సబ్బుతో ఒళ్ళు రుద్దుకోవచ్చు, వాళ్ళ బిస్కెట్లు టీలో ముంచుకు తినొచ్చు, ఫుట్‌బాల్ కాగితం మాత్రం మనదే కావాలి. అన్న ఆ కాగితాలు కొని, బీరువా సొరుగులో బైబిలు కింద భద్రంగా పెట్టుకునేవాడు.

ఆదివారం పూజ నుంచి వచ్చాం. ముందు రోజే రాసిన జాబితాలు రెండూ బల్ల మీద ఉన్నాయి. నేను ఎటో చూస్తూ వేడి టీ కెటిల్ తెచ్చి సరిగ్గా వాటి మీద పెట్టాను. ఎత్తి చూసేసరికి కెటిల్ తడి అడుగు గుండ్రంగా అంటుకుని, రెండింటి మీదా సిరా కారి, గోల్‌కీపరు పేరు దగ్గర్నుంచి ఏడో పేరు దాకా నీలం మడుగయింది. సొరుగు తీశాడు. ఒక్క కాగితం లేదు. ఆదివారం, కొట్లన్నీ మూసి ఉన్నాయి. బయట లారీలో పదిహేనుమంది పిల్లలు, డ్రైవరు ఆపకుండా హారన్ కొడుతున్నాడు.

"అయ్యో, ఇప్పుడెలా అన్నయ్యా?"

"ఏదో ఒక కాగితం ఇవ్వవే, త్వరగా!"

మాంచెస్టర్‌లో నర్సుగా చేసే నా స్నేహితురాలు క్రిస్మస్‌కి ఒక రాతప్యాడు పంపింది. తెల్లగా, దళసరిగా, ముట్టుకుంటే వెన్నలా ఉండేది. రెండు కాగితాలు చింపి ఇచ్చాను. అన్న నిలబడే పదిహేను పేర్లూ రెండుసార్లు రాసి, ఊదుకుంటూ పరిగెత్తాడు. ఇద్దరిలో ఒక్కరమైనా దాన్ని కిటికీకి ఎత్తి చూడలేదు.

ఆట గురించి ఎక్కువ చెప్పను. సగం ఆటకి నాలుగు పాయింట్లు వెనక ఉన్నాం. తర్వాత ఫింటన్ ఒక గోలు కొట్టాడు. దువాల్టా ఒక బంతిని ముఖంతో ఆపాడు, ముక్కు పగిలి రక్తం కారుతున్నా బయటికి రానన్నాడు. వస్తే బదులు ఎవడూ లేడని వాడికి తెలుసు. చివరి నిమిషానికి ఎనిమిదికి ఎనిమిది. బంతి ఫింటన్‌కి దొరికింది. కుడివైపు ఇద్దరు అడ్డం పడ్డారు. వాడు ఎడమకి తిరిగి, పీటు కుప్ప మీదుగా తన్నినట్టే తన్నాడు. గోలు కర్రల దగ్గర తెల్లకోటు వేసుకున్న అంపైరు మెడ వెనక్కి వాల్చి బంతిని చూసి, వంగి పాయింటు గుర్తుగా తెల్లజెండా తీసి ఊపాడు. తొమ్మిది, ఎనిమిది. ఫింటన్ తల్లి నా టోపీ లాగి గాల్లోకి విసిరేసింది. అది మళ్ళీ దొరకలేదు.

లాక్‌నన్ మాస్టారు వచ్చి అన్న చెయ్యి ఊపి, "మీ పిల్లలు బాగా ఆడారు మలాకీ గారూ. ఫైనల్లో మేం మీ వైపే," అన్నాడు. మా జాబితా అప్పటికే ఆయన కోటు జేబులో ఉంది.

గురువారం రిజిస్టరు ఉత్తరం వచ్చింది. మా ఊరి ఉత్తరాలు పంచేది అన్నే కదా, తన ఉత్తరం తనే మోసుకొచ్చాడు, తనే సంతకం పెట్టుకున్నాడు. ఆర్డ్‌కారో వాళ్ళు అభ్యంతరం పెట్టారు. డ్రమ్‌కీల్ జాబితా విదేశీ కాగితం మీద ఉంది కాబట్టి గెలుపు చెల్లదు, ఆట మాకివ్వండి అని బోర్డుకి రాసి, దాని నకలు మాకు పంపారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. అన్న పెరటి గోడ మీద కూర్చుని చదవడం వంటింటి కిటికీలోంచి చూశాను. చదివి, ఆ కాగితాన్ని కళ్ళకి ఎదురుగా ఎత్తి చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. ఎండ కొడుతోందేమో, అడ్డం పెట్టుకున్నాడనుకున్నాను.

లోపలికొచ్చి సంగతి చెప్పాడు. ప్యాడ్‌లో మిగిలిన కాగితం తీసి కిటికీకి పట్టాను. లోపల కిరీటం, దాని కింద ఇంగ్లండు మిల్లు పేరు.

"అన్నయ్యా, ఇది నా వల్లే."

"నీ వల్ల కాదే. పిల్లలు గెలిచారు, అందరూ చూశారు. బోర్డులో ఉన్నవాళ్ళకి మాత్రం కళ్ళు లేవా?"

"వాళ్ళకి కళ్ళుండేది కాగితాలు చూడ్డానికే. నువ్వేదైనా గట్టిగా మాట్లాడు."

"టీ చల్లారిపోతోంది," అన్నాడు.

మంగళవారం సాయంత్రం జిల్లా పట్నంలో ఒక హోటలు మేడగదిలో విచారణ. ఆడవాళ్ళని లోపలికి రానివ్వరు. నేను వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తలుపు ఓరగా ఉంది, అంతా వినిపించింది, సగం కనిపించింది.

అధ్యక్షుడు మా జాబితా తీసుకుని పడమటి కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురుకి పట్టాడు. వేసవి కాబట్టి ఇంకా ఎండ ఉంది. ఆ కిరీటం వసారాలోకి కూడా కనిపించింది. గదిలో ఎవడో "ఛీ" అన్నాడు.

"ఏం మలాకీ గారూ, ఈ కాగితం మీ ఇంట్లోకి ఎలా వచ్చింది?" అన్నాడు అధ్యక్షుడు.

నేను కుర్చీలోంచి లేచాను.

"నాదే," అన్నాడు అన్న. "నేనే కొనుక్కున్నాను."

"రాణీగారి కిరీటం అంత నచ్చిందా?" అని ఇంకెవడో అన్నాడు. అందరూ నవ్వారు.

అన్న ఆ నవ్వు అయ్యేదాకా ఆగాడు. "అయ్యా, ఆట పిల్లలు ఆడారు. కాగితం నేను రాశాను. తప్పు నాది, నన్ను క్లబ్బులోంచి తీసెయ్యండి. గెలుపు మాత్రం వాళ్ళది," అన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన మైదానం బయట మాట్లాడిన అతిపెద్ద ప్రసంగం అదే. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇంకా ఏదో చెప్తాడని చూశాను. కూర్చున్నాడు.

లాక్‌నన్ మాస్టారు లేచి, "నియమం నియమమే. మా మనసుకీ కష్టంగానే ఉంది," అన్నాడు. మనసట! చేతులెత్తించారు. పదకొండు మంది వాళ్ళ వైపు, నలుగురు మా వైపు. ఆట ఆర్డ్‌కారోకి ఇచ్చేశారు. పిల్లలు గంటసేపు బురదలో పడి సంపాదించింది పెద్దమనుషులు అరనిమిషంలో చెయ్యెత్తి లాక్కున్నారు. తర్వాత కిందకి పోయి భోజనం చేశారు కూడా. పంది మాంసం, క్యాబేజీ వాసన మెట్ల దాకా వచ్చింది.

మర్నాడు పిల్లలంతా మైదానంలో చేరారు. ఎవరూ రమ్మనలేదు, వాళ్ళే వచ్చారు. దువాల్టా ముక్కుకి ఇంకా పట్టీ ఉంది.

"బాబాయ్, మేం ఏం తప్పు చేశాం?" అని అడిగాడు ఫింటన్.

"మీరేం చెయ్యలేదురా."

"మరి మాది ఎందుకు తీసేశారు?"

"నేను కాగితం తప్పు రాశాను."

"మళ్ళీ రాసిస్తే?" అన్నాడు దువాల్టా.

అన్న వాడి తల నిమిరి, బంతి తీసి గాల్లోకి తన్నాడు. ఎవడూ దాని వెంట పరిగెత్తలేదు. అది రెల్లుగడ్డిలో పడి ఆగిపోయింది.

శనివారం అన్న కోటు ఉతుకుదామని జేబులు తడిమాను. ఆ ఉత్తరం చేతికొచ్చింది. చించి పొయ్యిలో పడేద్దామన్నంత కోపం వచ్చింది. మళ్ళీ ఎందుకో, నన్ను ముంచిన ఆ కాగితం చూసి చూసి అలవాటయ్యో ఏమో, దీన్నీ కిటికీకి ఎత్తి పట్టాను.

కిరీటం. దాని కింద అదే ఇంగ్లండు మిల్లు పేరు.

అభ్యంతరం రాసే కాగితానికీ, దాని నకలుకీ అదే నియమం. విదేశీ కాగితం మీద రాసిన అభ్యంతరం చెల్లదు, దాన్ని చదవనవసరం కూడా లేదు. ఆ మేడగదిలో ఒక్క మనిషి లేచి, "అయ్యా, వాళ్ళ ఉత్తరం కూడా కిటికీ దగ్గరికి తీసుకెళ్ళండి," అని ఉంటే చాలు, అక్కడితో అయిపోయేది. మా పిల్లలు ఫైనల్లో ఉండేవాళ్ళు. అడిగినవాడు లేడు కాబట్టి ఎవరూ ఎత్తి చూడలేదు. అప్పుడు నాకు గోడ మీద కూర్చున్న అన్న గుర్తొచ్చాడు. ఆయన ఎండకి అడ్డం పెట్టుకోలేదు.

సైకిలు చప్పుడు వినగానే ఉత్తరం పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళాను.

"ఇది చూశావా?"

సైకిలు గోడకి ఆనించాడు. "చూశాను."

"ఎప్పుడు?"

"వచ్చిన రోజే."

"తెలిసి, తెలిసి ఆ గదిలో నోరు మూసుకుని కూర్చున్నావా? నిన్ను చూసి వాళ్ళు పళ్ళికిలిస్తుంటే కూడా?"

"గెలుపు పిల్లల కాళ్ళలో ఉందే. దాన్ని నేను కాగితంతో గెలిపిస్తే రేపు వాళ్ళకి కాగితమే గుర్తుంటుంది. లాక్‌నన్ చేసిన పని నేనూ చెయ్యనా?"

"ఇప్పుడు మాత్రం వాళ్ళకి గుర్తుండేది ఏమిటి? ఓడిపోయామనేగా! నీ మంచితనం నీ దగ్గరుంచుకో, ఆ పిల్లల నోట్లో మట్టి ఎందుకు కొడతావు?"

"ఊరుకున్నంత ఉత్తమం లేదే, అట్రాక్టా."

"బోడిగుండంత సుఖం కూడా లేదట. పోయి గొరిగించుకో!"

ఇంకా మూడు రోజులుంది. బోర్డు పైన ఇంకో మండలి ఉంది, ఏడు రోజుల్లోపల వాళ్ళకి అప్పీలు రాసుకోవచ్చు. రాయాల్సింది కార్యదర్శి, సంతకం ఆయనదే కావాలి. నేను వెళ్ళి ఐర్లండ్ కాగితం కొన్నాను. కొట్లోనే వెలుతురుకి పట్టి చూసి మరీ కొన్నాను. విషయమంతా నేనే రాసి, కింద సంతకానికి చోటు వదిలి, భోజనానికి కంచం పెట్టి కంచం పక్కన ఆ కాగితం, కాగితం మీద కలం పెట్టాను. అన్న బంగాళాదుంపలు తిన్నాడు, మజ్జిగ తాగాడు, కలాన్ని కాస్త పక్కకి జరిపి లేచాడు. ఆదివారం పొద్దున పెట్టాను, రాత్రి పెట్టాను. సోమవారం పెట్టాను. ఒక్క మాట మాట్లాడలేదు నేను. ఆయనా మాట్లాడలేదు. మంగళవారం మధ్యాహ్నం పెట్టినప్పుడు మాత్రం ఒకసారి కలం చేతిలోకి తీసుకున్నాడు. మూత బిగించి కింద పెట్టాడు.

ఊళ్ళోంచి ఉత్తరాలు ఐదు గంటలకి పోతాయి. ఐదు గంటలకి అన్న సంచీ భుజాన వేసుకుని, సైకిలెక్కి, మా గుమ్మం ముందునుంచే వెళ్ళాడు. అప్పీలు బల్ల మీదే ఉంది.

ఫైనలు ఆర్డ్‌కారో గెలిచింది. పిల్లలకి మెడల్సు ఇచ్చారు, బ్యాండు పెట్టి ఊరేగించారు. ఫింటన్ సెప్టెంబరులో వాళ్ళ నాన్నతోపాటు ఇంగ్లండులో రోడ్డు పనికి వెళ్ళిపోయాడు, మళ్ళీ ఎప్పుడూ ఆడలేదు. పై యేడు చెప్పినట్టే మమ్మల్ని ఆర్డ్‌కారోలో కలిపేశారు. అన్న ఏం చేశాడనుకున్నారు? వారానికి రెండుసార్లు ఆరు మైళ్ళు సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి ఆ జట్టుకే ఆట నేర్పాడు! "పిల్లలు పిల్లలేనే," అన్నాడు. ఆ పచ్చ చొక్కాలు ఒకసారి మూటగట్టి ఇంటికి తెస్తే గుమ్మం దాటనివ్వలేదు నేను. ఆయనే పెరట్లో తొట్టి పెట్టుకుని ఉతుక్కున్నాడు. నీలిమందు పెట్టకుండా తెల్ల కాలర్లన్నీ పాడుచేశాడు, అదొక్కటే నాకు సంతోషం.

మేం మళ్ళీ మాట్లాడుకున్నాం, ఒకే ఇంట్లో ఉంటూ ఎన్నాళ్ళని మానతాం. ఆ సంగతి మాత్రం ఎత్తలేదు. ఉత్తరాన్ని నా ప్రార్థన పుస్తకంలో పెట్టుకున్నాను. ఇరవై ఏడేళ్ళు ప్రతి ఆదివారం దాని పక్క పేజీ తెరిచి దేవుణ్ణి క్షమాపణ అడిగాను.

ఈ ఫిబ్రవరిలో అన్న పోయాడు. శవపేటిక మీద ఆర్డ్‌కారో క్లబ్బు జెండా కప్పారు, పచ్చ చొక్కాల పిల్లలు రోడ్డుకి రెండువైపులా నిలబడ్డారు. సమాధి చేశాక అందరికీ ఆ క్లబ్బు హాల్లోనే టీ, శాండ్‌విచ్‌లు. ఆ హాలు గోడ మీద ఫొటోలున్నాయి. మధ్యలో పెద్దది, 1964 విజేతలు, ఆర్డ్‌కారో. పిల్లల వెనక మూడు కలాల లాక్‌నన్ మాస్టారు. దానికి ఎదురుగా పెద్ద కిటికీ.

నేను ప్రార్థన పుస్తకంలోంచి ఉత్తరం తీశాను. కేకు డబ్బాకి చుట్టిన అంటుకునే టేపు ఊడదీసి, ఉత్తరాన్ని ఆ కిటికీ అద్దానికి నాలుగు మూలలా అంటించాను. వాన వెలిసి ఎండ వచ్చింది. కిరీటం, దాని కింద ఇంగ్లండు మిల్లు పేరు, పైన లాక్‌నన్ మాస్టారి గుండ్రటి చేతిరాత.

"ఏంటిది అట్రాక్టా?" అని ఎవరో అడిగారు.

"చదువుకోండి. మీ మాస్టారి దస్తూరీయే."

ఒక్కొక్కరే వచ్చి చూశారు. హాల్లో కప్పుల చప్పుడు తగ్గింది. మాస్టారికి అప్పటికి ఎనభై దాటాయి. చేతికర్ర మీద నెమ్మదిగా వచ్చి, కళ్ళజోడు మార్చుకుని, పైనుంచి కింద దాకా చదివాడు.

"తెలుసమ్మా," అన్నాడు చివరికి. "పోస్టులో వేసిన సాయంత్రమే ప్యాడు ఎత్తి చూసుకున్నాను. ఆ గదిలో తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఏడు రోజులూ అప్పీలు వస్తుందని చూశాను. రాలేదు. మలాకీ గమనించలేదనుకున్నాను."

"ఉత్తరం వచ్చిన రోజే గమనించాడు."

"అదే రోజా?"

"మా పెరటి గోడ మీద కూర్చుని."

ఆయన ముఖం పాలిపోయింది. మా అన్న పక్కన నిలబడి పచ్చ చొక్కాలు ఎన్నిసార్లు పంచాడో లెక్కేసుకుంటున్నాడేమో. టోపీ కోసం తడుముకున్నాడు. అది నెత్తి మీదే ఉంది. టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళకి నా కడుపు చల్లబడాలి. ఒక్క నిమిషం చల్లబడింది కూడా.

కిటికీ దగ్గర ఇంకొక మనిషి మిగిలాడు. బట్టతల, పెద్ద భుజాలు, ఆ పొద్దునే ఓడ దిగి వచ్చాడు. ఎడంకాలి మీద బరువు వేసి నిలబడితే గుర్తుపట్టాను, ఫింటన్. ఉత్తరం రెండోసారి చదువుతున్నాడు. పెదాలు కదులుతున్నాయి.

"అంటే మేం ఫైనల్ ఆడాల్సినవాళ్ళం."

"అవునురా నాయనా."

"ఇరవై ఏడేళ్ళు నేను మనవాళ్ళెవరు కనిపించినా తల దించుకున్నాను అత్తా. మా నాన్న చచ్చేదాకా, మీకు కాగితం మీద పేర్లు రాయడం కూడా రాలేదుగా అని ఎగతాళి చేశాడు. బాబాయ్ చెప్పలేదు. సరే, ఆయన అంతే." నా వైపు తిరిగాడు. "ఇది నీ పుస్తకంలో ఎప్పటినుంచి ఉంది?"

నేను పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాను.

"నీకు తెలిసి నువ్వు కూడా చెప్పలేదా?"

హాల్లో అందరూ నా వైపే చూస్తున్నారు. మా అన్నని తిట్టడానికి నా దగ్గర ఇరవై ఏడేళ్ళ మాటలున్నాయి. ఆ పిల్లాడికి చెప్పడానికి ఒక్కటి దొరకలేదు. నేను కెటిల్ అందుకుని ఒక కప్పు నింపి వాడి చేతిలో పెట్టాను.

"టీ చల్లారిపోతుంది," అన్నాను. "తాగు."